కొంచెం పని ఉంది

ఆన్ సైట్ కి వెళ్ళిన మొదటి ఏడాది సంగతి. మా పక్క క్యూబికల్ లో ఒక పెద్దాయన ఉండేవాడు, రిటైర్ మెంటుకి దగ్గర పడ్డ మెయిన్ ఫ్రేమ్ మనిషి. ఒకరోజు బ్రేక్ రూమ్ నోటీసు బోర్డు మీద ఓ కాగితం అంటించాడు. తెరచాప పడవ అమ్మకానికుంది. ముప్ఫై అడుగుల పొడవు, లోపల నలుగురు పడుకోవచ్చు, వంటకి చిన్న స్టవ్ కూడా ఉంది. ధర చూస్తే నేను కొన్న సెకండ్ హ్యాండ్ కారుకంటే తక్కువ! అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ఒక లైను: "కొంచెం పని ఉంది."

గోదావరి మీద లాంచీ తప్ప ఇంకో పడవ ఎక్కిన మొహం కాదు నాది. అయినా ఊరుకోలేక "ఇంత చవకగా ఎందుకిస్తున్నారండీ?" అని అడిగాను. ఆయన నవ్వి, "పైన ధర చూడకు, కింద ఆ లైను చూడు. అసలు ధర అదే" అన్నాడు. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ కాగితం బోర్డు మీదే ఉంది. రెండుసార్లు అంకె కొట్టేసి తగ్గించి రాశాడు. ఆ లైను మాత్రం కొట్టెయ్యలేదు.

ఆ లైను పుణ్యమా అని పాత పడవల చరిత్ర మీద పిచ్చి పట్టింది నాకు. చదివిన కొద్దీ ఒకటి అర్థమైంది. చిన్న పడవల్లో ప్రపంచాన్ని చుట్టిన వాళ్ళ కథల్లో చాలావాటికి మొదట్లోనో చివర్లోనో ఇలాంటి బేరం ఒకటి ఉంటుంది. ఎవరూ కొనని పడవ, ఉత్తినే వదిలించుకున్న పడవ, మరమ్మతులు మిగిలిపోయిన పడవ. ఇంకోటి కూడా అర్థమైంది. ఆ "కొంచెం పని" అనే మాట నేనూ ఒకసారి రాశాను, పడవ గురించి కాదు లెండి. అది చివర్లో చెప్తాను.

మొదట జాషువా స్లోకమ్. కెనడాలో పుట్టి అమెరికా ఓడలకి కెప్టెన్ గా చేసినవాడు. ఆవిరి ఓడలొచ్చి తెరచాప ఓడలకి పని లేకుండా పోయిన రోజుల్లో ఈయనకీ ఉద్యోగం లేకుండా పోయింది (కొత్త టెక్నాలజీ వస్తే ఏమవుతుందో మనకెవరూ చెప్పక్కర్లేదు). 1892లో ఈబెన్ పియర్స్ అనే పాత మిత్రుడు "నీకో ఓడ ఇస్తా, కాస్త రిపేర్లున్నాయి" అన్నాడు. స్లోకమ్ ఆశగా మాసచూసెట్స్ లోని ఫెయిర్ హేవెన్ వెళ్ళి చూస్తే ఏముంది? సముద్రానికి దూరంగా ఓ పొలంలో, గుడ్డ కప్పి నిలబెట్టిన ముసలి పడవ! పేరు స్ప్రే. ఊళ్ళో వాళ్ళంతా దాన్ని విరగ్గొట్టడానికి వచ్చాడనుకున్నారు.

ఆయన విరగ్గొట్టలేదు. దగ్గర్లోని ఓక్ చెట్టు కొట్టి కొత్త కీలు (పడవకి వెన్నెముక లాంటి అడుగు దూలం) చేశాడు. పుచ్చిన చెక్క తీసి, ఒక్కో పలకా కొత్తది వేశాడు. మొత్తం 13 నెలల చాకిరీ, 553 డాలర్ల 62 సెంట్ల ఖర్చు. సెంట్లతో సహా లెక్క రాసుకున్నాడు చూశారా! 1895 ఏప్రిల్ లో బోస్టన్ నుంచి బయల్దేరి, 1898 జూన్ లో న్యూపోర్ట్ లో దిగాడు. ఒంటరిగా భూగోళాన్ని పడవలో చుట్టిన మొదటి మనిషి ఆయనే.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పడవ మన దేశంలోనే పుట్టింది. అప్పటి బొంబాయిలో రాబిన్ నాక్స్-జాన్స్టన్ అనే కుర్రాడు బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడల్లో ఆఫీసరుగా ఉండేవాడు. సొంత పడవ కట్టించుకుని ఇంగ్లండ్ వెళ్ళాలని సరదా. 32 అడుగుల పడవ, 1920ల నాటి డిజైను. అప్పటికే పాతకాలపుది, బరువు, వేగం తక్కువ. మన టేకుతో, మన వడ్రంగులే కట్టారు. బాడిసలు, తాడుతో తిప్పే బరమాలు, ఇవే పనిముట్లు. 1964 డిసెంబర్ లో కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి దించారు. పేరు సుహేలీ. అరబ్బు నావికులు ఒక గాలికి పెట్టుకున్న పేరది.

అందులోనే తమ్ముడు, ఒక స్నేహితుడితో కలిసి ఇంగ్లండ్ బయల్దేరాడు. దారిలో డబ్బులైపోతే దక్షిణాఫ్రికాలో ఆగి ఉద్యోగాలు చేసుకున్నారు. 1966 చివర్లో కేప్ టౌన్ లో మళ్ళీ తెరచాప ఎత్తి, మధ్యలో ఎక్కడా ఆగకుండా 74 రోజుల్లో ఇంటికి చేరారు.

అప్పటికి సముద్రం మీద ఒకటే పెద్ద పని మిగిలుంది: ఎక్కడా ఆగకుండా, ఒక్కడే ప్రపంచాన్ని చుట్టి రావడం. 1967లో ఫ్రాన్సిస్ చిచెస్టర్ జిప్సీ మాత్ 4 అనే పడవలో ఒక్క సిడ్నీలో మాత్రమే ఆగి చుట్టి వచ్చాడు. ఆ ఒక్క ఆగడం కూడా లేకుండా తానే చెయ్యాలనుకున్నాడు నాక్స్-జాన్స్టన్. అందుకు కొత్త పడవ కావాలి. కాలిన్ మ్యూడీ అనే డిజైనర్ 53 అడుగుల స్టీలు పడవకి ప్లాను గీసిచ్చాడు. డబ్బో? సుహేలీని అమ్మాలి.

ఎవ్వరూ కొనలేదు. స్పాన్సర్ల కోసం ఉత్తరాలు రాస్తే వాళ్ళూ ముందుకు రాలేదు. కొత్తది కట్టే దారి మూసుకుపోయింది, పాతది చేతిలో ఉంది. సరే, దీంతోనే పోదాం అనుకున్నాడు. రీరైట్ కి బడ్జెట్ అప్రూవ్ కాక, పదేళ్ళ నాటి కోడ్ తోనే రిలీజుకి వెళ్ళిన వాళ్ళందరికీ ఈ దృశ్యం బాగా తెలుసు.

1968 జూన్ 14న ఫాల్మత్ నుంచి బయల్దేరాడు. సండే టైమ్స్ పత్రిక దాన్ని గోల్డెన్ గ్లోబ్ అనే పందెంగా ప్రకటించింది. మొత్తం తొమ్మిది మంది. పందెంలో చిన్న పడవల్లో, నెమ్మది పడవల్లో సుహేలీ ఒకటి.

అట్లాంటిక్ మధ్యలోకి వచ్చేసరికి అడుగున నీళ్ళు ఊరడం మొదలైంది. రోజూ తోడాలి. ఆయన కంగారు పడలేదు. ఎందుకంటే లీకు ఎక్కడుందో దాదాపు తెలుసు. బొంబాయి నుంచి వచ్చేటప్పుడు కూడా పడవ అక్కడే ఇబ్బంది పెట్టింది. కీలుకి ఆనుకున్న పలకల సందు అది. నడిసముద్రంలో నీళ్ళలోకి దూకి, ఊపిరి బిగబట్టి, ఆ సందులో నూలు కూరాలని చూశాడు. నిలవలేదు. తర్వాత నూలుని కాన్వాసు గుడ్డకి కుట్టి, తారు పట్టించి, రాగి మేకులతో కొట్టి, పైన రాగి రేకు వేశాడు. తెల్లటి ఒళ్ళు చూసి సొరచేపలు రాకుండా నల్ల చొక్కా తొడుక్కున్నాడట. అయినా ఒకటి వచ్చింది. పైకెక్కి తుపాకీతో కాల్చి, మళ్ళీ దిగాడు. ఒక పక్క అయ్యాక రెండో పక్క.

ఆ తర్వాత దక్షిణ సముద్రంలో ఒక అల పడవని పక్కకి పడేసింది. తాగే నీళ్ళు పాడయ్యాయి, వాన నీళ్ళు పట్టుకు తాగాడు. రేడియోలో మాట పంపే భాగం పోయింది. చుక్కాని దానంతటది తిప్పే పరికరం ఆస్ట్రేలియా దాటేలోపు విరిగిపోయింది. న్యూజిలాండ్ తర్వాత నెలల తరబడి ఏ కబురూ లేదు. 1969 ఏప్రిల్ 22న, 312 రోజుల తర్వాత, తుప్పు మరకలతో సుహేలీ ఫాల్మత్ లోకి వచ్చింది. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని చుట్టిన మొదటి పడవ. తొమ్మిదిమందిలో పూర్తి చేసినది అదొక్కటే.

ఇదే పందెంలో ఇంకో పడవ ఉంది. అది సరికొత్తది. డోనాల్డ్ క్రోహర్స్ట్ అనే ఇంజినీరు, ఎలక్ట్రానిక్స్ కంపెనీ నడిపేవాడు, నలుగురు పిల్లల తండ్రి. టీన్మత్ ఎలక్ట్రాన్ అని మూడు డొప్పల పడవ కట్టించాడు. డబ్బు పెట్టినాయనతో ఒప్పందం ఏమిటంటే, ఇది సరిగ్గా సాగకపోతే ఆ పడవని క్రోహర్స్ట్ కంపెనీయే తిరిగి కొనాలి. అంటే వెనక్కొస్తే దివాలా. పడవ తిరగబడకుండా చూసే కంప్యూటర్ ఒకటి పెడతానన్నాడు. దానికి వైర్లు లాగారు, వైర్ల చివర కంప్యూటర్ మాత్రం లేదు! బయల్దేరడానికి ఆఖరి గడువు 1968 అక్టోబర్ 31. సరిగ్గా ఆ రోజే బయల్దేరాడు. నీళ్ళు తోడే పంపుకి కావాల్సిన గొట్టం ఒడ్డునే ఉండిపోయింది.

రెండు వారాలకే నిజం తెలిసిపోయింది ఆయనకి. నవంబర్ మధ్యలో లాగ్ పుస్తకంలో కూర్చుని లోపాలన్నీ వరసగా రాసుకున్నాడు. చాలా నిజాయితీగా, మంచి ఇంజినీరు రాసినట్టే రాశాడు. ఎక్కడ కారుతోంది, ఏది విరిగింది, ముందుకెళ్తే బతికే అవకాశం ఎంత. కానీ ఆ జాబితా పుస్తకంలోనే ఉండిపోయింది. ఒడ్డుకి పంపిన సందేశాలు వేరు. డిసెంబర్ లో ఒక్కరోజులో 243 మైళ్ళు వచ్చానని కబురు పెట్టాడు, పేపర్లు రికార్డు అని రాశాయి. నిజానికి ఆయన దక్షిణ సముద్రం వైపు వెళ్ళనే లేదు, అట్లాంటిక్ లోనే తిరుగుతున్నాడు. ఆ లెక్కలు నమ్మిన నైజెల్ టెట్లీ అనే పోటీదారు, వెనక క్రోహర్స్ట్ తరుముకొస్తున్నాడనుకుని, అలిసిపోయిన తన పడవని ఇంకా పరిగెత్తించాడు. అది 1969 మేలో, గమ్యం దగ్గరపడ్డాక ముక్కలై మునిగింది. ప్రాణాలతో బయటపడ్డాడు. జూలై 10న టీన్మత్ ఎలక్ట్రాన్ దొరికింది, అందులో మనిషి లేడు. నాక్స్-జాన్స్టన్ తనకొచ్చిన 5,000 పౌండ్ల బహుమతిని క్రోహర్స్ట్ భార్యాపిల్లలకి ఇచ్చేశాడు.

సుహేలీకీ లీకులున్నాయి, ఎలక్ట్రాన్ కీ లీకులున్నాయి. ఇద్దరికీ తమ లోపాలు తెలుసు. తేడా ఎక్కడొచ్చింది? ఒకాయన లోపం ఉన్న చోటికి దిగగలిగాడు. రెండో ఆయనకి "అవ్వలేదు" అని చెప్పే దారి లేకుండా ఒప్పందం ముందే రాసేసుకున్నారు. ఆయన మోసగాడని తేల్చెయ్యడం తేలిక. నాకు మాత్రం అది చదివినప్పుడల్లా మన స్టేటస్ మీటింగులే గుర్తొస్తాయి. ఎర్రగా ఉన్నదాన్ని పసుపు అని, పసుపుని ఆకుపచ్చ అని చెప్పిన మీటింగులు.

ఆ తర్వాత ఈ పడవల ధరలేమయ్యాయో చూడండి. అదే పందెంలో గెలిచే అవకాశం ఉండీ వదిలేసి వెళ్ళిపోయిన ఫ్రెంచి ఆయన మ్వాటెస్యే పడవ పేరు జాషువా, మన స్లోకమ్ పేరే. 1982లో మెక్సికో తీరాన తుఫానుకి ఒడ్డున పడి నలిగిపోతే, 20 డాలర్లకి ఇచ్చేశాడు. ఇప్పుడది బాగుపడి ఫ్రాన్సులో లా రొషెల్ మ్యూజియం వారి దగ్గర ఉంది. చిచెస్టర్ పడవ గ్రీనిచ్ లో ప్రదర్శనలో ఉండి ఉండి పాడైపోతే, 2004లో ఒక్క పౌండు, ఒక గ్లాసు జిన్ అండ్ టానిక్ కి అమ్మారు! బాగుచేసి 2005లో మళ్ళీ ప్రపంచయాత్రకి పంపారు. ఎలక్ట్రాన్ జమైకాలో అమ్ముడై, చేతులు మారి, కేమన్ బ్రాక్ అనే దీవి ఒడ్డున శిథిలమైంది. సుహేలీని కూడా మ్యూజియంలో పెట్టారు కానీ, పొడిగాలికి టేకు పలకలు ఎండి కుంచించుకుపోతుంటే నాక్స్-జాన్స్టన్ చూడలేక వెనక్కి తెచ్చేసుకున్నాడు. ఏళ్ళ తరబడి బాగుచేసుకుని 2016లో మళ్ళీ నీళ్ళలోకి దించాడు. అమ్ముడుపోకపోవడం దాని అదృష్టం.

మనకీ ఆ గాలి తగిలింది. 2018లో ఆ పందెం మళ్ళీ పెట్టినప్పుడు అభిలాష్ టోమీ గోవాలో కట్టిన సుహేలీ నమూనా పడవ తురియాలోనే వెళ్ళాడు. తుఫానులో స్తంభాలు విరిగి, వెన్ను దెబ్బతిని, అతి కష్టం మీద బయటపడ్డాడు. అంతకు కొన్ని నెలల ముందే, అదే గోవాలో కట్టిన తారిణిలో ఆరుగురు నౌకాదళం అమ్మాయిలు భూగోళాన్ని చుట్టి వచ్చారు. వాళ్ళలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య మనవాళ్ళే.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు వదిలి వెళ్తూ హ్యాండోవర్ డాక్యుమెంటు రాశాను. అందులో ఒక సర్వీసుకి మెమరీ లీక్ ఉంది. నాకు తెలుసు. ప్రతి ఆదివారం రాత్రి దాన్ని రీస్టార్ట్ చేసే స్క్రిప్టు ఒకటి నా సొంత లాగిన్ కింద పెట్టుకుని నడిపిస్తూ వచ్చాను. డాక్యుమెంటులో మాత్రం "మైనర్ ఇష్యూస్ ఉన్నాయి" అని ఒక్క ముక్క రాశాను. వెళ్ళేముందు మంచి పేరు పోగొట్టుకోవడం ఎందుకని. నేను వెళ్ళాక నా లాగిన్ తీసేశారు, స్క్రిప్టు ఆగింది. సంక్రాంతికి ఊరెళ్ళిన జూనియర్ అమ్మాయి, భోగి రాత్రంతా ఫోన్లోనే కూర్చుంది. అప్రైజల్ లో ఆ మచ్చ ఆమెకే పడింది. ఆ సంగతి నాకు ఏడాది తర్వాత తెలిసింది. ఫోన్ చేసి చెప్పాను. "మీకు ముందే తెలుసా సార్?" అంది. అంతే, ఇంకేం అనలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు మా క్యూబికల్ పెద్దాయన. తర్వాత తెలిసింది, ఆయన పడవ చూడ్డానికి వచ్చినవాళ్ళ చేతికి ముందు రెండు పేజీల కాగితం ఇచ్చేవాడట. ఎక్కడ పుచ్చింది, ఎక్కడ కారుతుంది, తనెలా సర్దుకొస్తున్నాడు, అన్నీ. అందుకే అమ్ముడుపోలేదంటారా? అయ్యుండొచ్చు. కానీ దాన్ని కొన్నవాడెవడైనా, నీళ్ళు ఊరిన రాత్రి ఎక్కడ చెయ్యి పెట్టాలో వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇప్పుడు నా హ్యాండోవర్లలో మొదటి పేజీ అదే. "కొంచెం పని ఉంది" అని రాయను. ఏ పలక దగ్గర కారుతోందో రాస్తాను.