నిండిన ట్యాంకు నుంచి నది దాకా: దేవనహళ్లి చెప్పే చరిత్ర

ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి ఉండాలని మన సంఘాలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఆ పని ఇంకా జోరందుకుంది. దొడ్లు వచ్చాయి, ఆడవాళ్లకు చీకటి కోసం ఎదురుచూసే బాధ చాలావరకు తగ్గింది. మరి సెప్టిక్ ట్యాంకు నిండాక అందులోది ఎక్కడికి పోతోంది?

ఒకప్పుడు ఈ పని మనుషుల చేతులతో, తట్టలతో జరిగేది. నీళ్లు లేని పాత దొడ్లను ఎత్తిపోసిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం ఈ పనిని నిషేధించాయి. క్రమంగా పైపు వేసి లాగే ట్యాంకర్ బండ్లు వచ్చాయి. చేతికి అంటే మురికి తగ్గింది, నిజమే. కానీ చాలా చోట్ల ఆ బండి ఊరి బయట వాగులోనో, చెరువు పక్కనో, పొలంలోనో ఖాళీ అయ్యేది. ఇంటి మురికి ఏటి పాలైంది.

ఇక్కడే దేవనహళ్లి కథ మొదలవుతుంది. బెంగళూరు విమానాశ్రయం దగ్గరి చిన్న పట్టణం అది, టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు. 2011 లెక్కల్లో జనాభా సుమారు 28 వేలు. అప్పట్లో భూగర్భ డ్రైనేజీ లేదు, ఇళ్లకు గుంటలూ ట్యాంకులే ఉండేవి. దగ్గర్లోని నంది కొండల ప్రాంతంలో రెండు పినాకినులు పుడతాయి. ఉత్తర పినాకిని అంటే మన పెన్న. దేవనహళ్లి వైపు నీళ్లు దక్షిణ పినాకినిలోకి పోతాయి.

2015లో అక్కడ మలవ్యర్థాల శుద్ధి కేంద్రం మొదలైంది. ఒక పట్టణం మొత్తానికి కట్టిన ఇలాంటి కేంద్రాల్లో దేశంలో ఇదే మొదటిది. దాని సామర్థ్యం రోజుకు 6,000 లీటర్లు, అంటే ఒకటి రెండు ట్యాంకర్లు. పెద్ద యంత్రాలేమీ లేవు, నీరు పల్లానికి పారే గుణంతోనే చాలావరకు పని నడుస్తుంది.

బండి తెచ్చినదాన్ని మొదట మూసిన తొట్లలో కుళ్లనిస్తారు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు అందులోని మురికిని తినేస్తాయి. చిక్కటి మడ్డిని ఇసుక, కంకర పరిచిన మడుల మీద ఆరబెడతారు. దిగిన నీళ్లను మళ్లీ శుద్ధి చేసి, మొక్కలు పెంచిన కంకర గుండా పంపుతారు. ఆరిన మడ్డిని తడి చెత్తతో కలిపి ఎరువు చేస్తారు. ఆ కుప్పలో పుట్టే వేడికి నులిపురుగుల గుడ్లు చస్తాయి.

దీనివల్ల నదికి మేలేమిటంటే, పచ్చి మలం నీళ్లలో పడితే దాన్ని తినే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువునంతా వాడేస్తాయి, చేపలు చస్తాయి. కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే క్రిములు దిగువ ఊళ్ల బిందెల్లోకి చేరతాయి. ఆ తినే పనేదో తొట్లలోనే ముగిస్తే ఏరు తేరుకుంటుంది.

2017లో కేంద్రం దీనిపై జాతీయ విధానం ప్రకటించింది. మన దగ్గర వరంగల్‌లో, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురంలో కూడా ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. ఒడిశా ఇంకో అడుగు ముందుకేసి, చాలా పట్టణాల్లో వీటి నిర్వహణను మహిళా స్వయం సహాయక సంఘాలకే అప్పగించింది. కటక్‌లో ఆ పని ట్రాన్స్‌జెండర్ల సంఘానికి దక్కింది. ఒకనాడు తలమీద తట్టతో అవమానం మోసిన ఆడవాళ్ల దేశంలో, అదే పనిని ఇప్పుడు ఆడవాళ్లు లెక్కల పుస్తకంతో, చేతికి తొడుగుతో, జీతంతో చేస్తున్నారు. ఇది చిన్న మార్పేమీ కాదు.

అయితే బండి వస్తేనే కేంద్రం పనిచేస్తుంది. డీజిల్ మిగుల్చుకోవడానికి డ్రైవరు దారిలోనే వాగులో వదిలేస్తే, ఎంత మంచి కేంద్రమున్నా నదికి ఒరిగేదేమీ లేదు. అందుకే మన సంఘాలు చేయగలిగిన పనులు మూడు ఉన్నాయి. ట్యాంకు పొంగేదాకా ఆగకుండా రెండు మూడేళ్లకోసారి తీయించాలి. ఎక్కడ ఖాళీ చేస్తారో అడిగాకే డబ్బు ఇవ్వాలి. దగ్గర్లో కేంద్రం లేకపోతే పంచాయతీలో, మున్సిపాలిటీలో సమాఖ్య తరఫున తీర్మానం పెట్టించాలి. పొదుపు పుస్తకంలో ప్రతి రూపాయి ఎటు పోయిందో అడిగే మనం, ఇంటి ట్యాంకు ఎటు పోయిందో కూడా అడుగుదాం.