అంతకుముందు మీరెవరు?



మా సంఘములోని ఒక యౌవనస్థుడు వనస్థలిపురంలో అద్దె ఇల్లు వెదకడానికి వెళ్ళాడు. టు-లెట్ బోర్డు చూసి అడిగితే ఇంటాయన ముందు ఉద్యోగం, తరువాత ఇంటిపేరు అడిగాడట. "మేము క్రైస్తవులమండి" అంటే, "అది సరే, అంతకుముందు మీరేమిట్లు?" అన్నాడట. అది విన్నప్పుడు నాకు హ్యూగో బెట్టౌర్ అనే రచయిత జ్ఞాపకము వచ్చాడు.

బెట్టౌర్ 1872లో వియన్నా దగ్గర యూదుల కుటుంబములో పుట్టాడు. 18 ఏళ్ళ వయసులో ప్రొటెస్టెంట్ సంఘములో చేరాడు. 1922లో "యూదులు లేని పట్టణము" అనే నవలను జర్మన్ భాషలో వ్రాశాడు. అందులో ప్రభుత్వము చట్టము చేసి యూదులను ఆస్ట్రియా నుండి వెళ్ళగొడుతుంది. బాప్తిస్మము పొందినవారినీ విడిచిపెట్టదు. జనము మొదట పండుగ చేసుకుంటారు. మెల్లగా వ్యాపారాలు పడిపోతాయి, వియన్నా కళ తప్పుతుంది. చివరికి వారే యూదులను తిరిగి పిలుచుకుంటారు.

అది నవ్వించడానికి వ్రాసిన కథ. కానీ 1925 మార్చి 10న నాజీ భావాలు గల ఒక యువకుడు బెట్టౌర్‌ను అతని ఆఫీసులోనే కాల్చాడు. 16 రోజులకు ఆయన చనిపోయాడు. బాప్తిస్మము పొంది ఎన్నేళ్ళయినా శత్రువుల లెక్కలో ఆయన యూదుడే. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలుపుకున్నాక కథ నిజమైంది. అక్కడి యూదులలో 65,000 మంది దాకా చంపబడ్డారు. వారిని తిరిగి పిలిచే ముగింపు మాత్రము నిజము కాలేదు.

ఇది పరదేశపు సంగతి అనుకోకండి. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబములో పుట్టిన గుర్రం జాషువ గారిని సభలలోనే కులము ఎత్తి అవమానించారు. 1941 నాటి "గబ్బిలం" కావ్యములో ఆ బాధ వినబడుతుంది.

ఆ ఇంటాయనను నిందించి ఊరుకుందామా? ఆదివారము ప్రభువు బల్ల దగ్గర కలిసి కూర్చుంటాము. సోమవారము పెండ్లి సంబంధము వస్తే మనమూ అదే అడుగుతాము: "అంతకుముందు వాళ్ళెవరు?"

శరీరరీతిగా మన ప్రభువు యూదుడు. ఆ చట్టము కింద మొదట బయటికి నడవవలసినది ఆయనే, ఆయన తల్లి మరియయే. ఈ రాత్రి ఇంటిల్లిపాది గలతీయులకు వ్రాసిన పత్రిక 3:28 చదవండి. చదివాక, ఆ ప్రశ్న మన ఇంట్లో ఎక్కడ దాగి ఉందో వెదకండి.

ప్రభువా, మా నోట నుండి ఆ ప్రశ్నను తీసివేయుము. ఆమేన్.