అగరుబత్తి – ఊదుబత్తి
పరిగి మొదలగు పడమటి తెలంగాణపు ఊళ్లలో ఇంటికి పరిమళము గూర్చు పుల్లను కొందఱు అగరుబత్తి యనియు, కొందఱు ఊదుబత్తి యనియు వ్యవహరింతురు. అగరు సంస్కృతము, ఊదు అరబ్బీ. రెండును ఒకే సుగంధపు కొయ్యకు పేళ్లు.

పూర్వ మీ పరిమళద్రవ్యములు పెక్కు సముద్రముమీఁదుగా వచ్చెడివి. కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనమున (క్రీ.శ. 1244) సుంకము విధింపఁబడిన సరకులలో చందనము, కర్పూరము, చీనికర్పూరము, పన్నీరు, జవ్వాజి కలవు. సుంకపుపట్టిక కావ్యవర్ణనకన్న నమ్మఁదగిన సాక్షి. అయినను శ్రీనాథుని హరవిలాసపు అవతారికను త్రోసివేయరాదు. అవచి వర్తకులు తెప్పించిన చందనాగరుకర్పూరములు ఏయే రేవులనుండి వచ్చినవో అందుఁ గలదు. వానిలో తరుణాసీరి, తవాయి నేఁటి మయన్మారు తీరమునందలివి. ఆ ద్రవ్యములు కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకుఁ జేరెను. ఆ రాజు మక్కువ ‘కర్పూరవసంతరాయ’ బిరుదమై నిలిచినది.

సామాన్యగృహస్థుని మక్కువను ఏ కవియు వర్ణింపలేదు. దానిని మాటలలోనే వెదకవలెను. నేఁటి బత్తిలో బొగ్గుపొడి, జిగురు, సుగంధతైలము ఉండును. అగరుకొయ్య చాలవానిలో మృగ్యము. మల్లెవాసన కోరి కొన్నవాఁడును దానిని అగరుబత్తి యనియే పిలుచుచున్నాఁడు.