షెల్టరు కట్టడం సగం పనే

కృష్ణకు అవతలి గట్టున దివిసీమ, ఇవతల రేపల్లె. 1977 నవంబరు 19న తుఫాను చీరాల దగ్గర తీరం దాటినా, ఉప్పెన ఉద్ధృతంగా విరుచుకుపడింది దానికి ఈశాన్యంగా ఉన్న తీరం మీద. దివిసీమలో నీళ్లు అయిదు మీటర్ల ఎత్తున ఊళ్లను ముంచెత్తాయి. చనిపోయినవాళ్లు సర్కారు లెక్కలోనే పదివేల దాకా ఉన్నారు. తీరంలో పేదలవి ఎక్కువగా మట్టిగోడల తాటాకిళ్లే. ఎక్కి ప్రాణం కాపాడుకోవడానికి డాబా అంటూ లేదు. ఆ తర్వాతి ఏళ్లలో ప్రభుత్వమూ, కాసా లాంటి చర్చి సహాయ సంస్థలూ తీరం వెంబడి తుఫాను షెల్టర్లు కట్టాయి. నిలువనీడ కోల్పోయినవాళ్లకు చోటివ్వడం తన బాధ్యతేనని సర్కారు అలా ఒప్పుకుంది. అయితే ఆ బాధ్యత ప్రారంభోత్సవంతో తీరిపోతుందనుకోవడం దగ్గరే ఈ విధానం దెబ్బతిన్నది.

ఆ షెల్టర్ల విలువ 1990లో తెలిసింది. మే 9న మరో పెనుతుఫాను కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే తీరం దాటింది. ఈసారి ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే లోతట్టు ఊళ్ల నుంచి తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. ఈ ఘనత రాడార్లదీ, ఉపగ్రహాలదీ, ముందస్తు హెచ్చరికలదీ అనేవాళ్లున్నారు. నిజమే, హెచ్చరిక లేకపోతే తరలింపే లేదు. పైగా రెండు తుఫాన్లలో ఉప్పెన ఒకే తీరుగా రాలేదు కూడా. కానీ ‘ఇల్లు వదలండి’ అని మైకులో చెప్పినప్పుడు ఎక్కడికన్న ప్రశ్న వెంటనే వస్తుంది. దానికి దగ్గర్లో, నమ్మదగిన జవాబు ఉన్నప్పుడే పడవనూ గొడ్డునూ వదిలి మనిషి కదులుతాడు.

ఆ నమ్మకాన్ని ఉప్పుగాలి తినేస్తుంది. గాలిలోని ఉప్పు సిమెంటు కాంక్రీటులోకి దిగి చువ్వను తాకుతుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి శ్లాబు అడుగున ముందు సన్నని బీటలు, తర్వాత గోధుమరంగు మరకలు, చివరికి పెచ్చులు ఊడి ఇనుము బయటపడుతుంది. 1978 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తక్కువ బలం గల ఎం15 కాంక్రీటుతో కూడా ఆర్‌సీసీ కట్టొచ్చు. 2000లో సవరించిన ప్రమాణం తీరప్రాంతపు కట్టడాలకు కనీసం ఎం30 కాంక్రీటునూ, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు మందాన్నీ అడుగుతోంది. అంటే తొలితరం షెల్టర్లను నేటి కొలతలతో మళ్లీ పరీక్షించాలి. మరమ్మతు అంటే సున్నం వేయడం కాదు. వదులైన కాంక్రీటును చెక్కి, తుప్పు గీకి, కొత్తగా పూత కట్టడం. ఆ ఖర్చు పంచాయతీ మోయలేనిది. కొత్త భవనానికి శిలాఫలకం ఉంటుంది, ప్రపంచబ్యాంకు అప్పు దొరుకుతుంది. పాతదాని మరమ్మతుకు రెండూ ఉండవు.

ఇప్పుడందరికీ పక్కా ఇళ్లున్నాయి, అవసరమైతే బాపట్ల కాలేజీల్లోనో తెనాలి బడుల్లోనో ఉంచొచ్చు కదా అన్నది మరో వాదన. తెనాలి లోపలి ఊరు కాబట్టి వెనకటి ఆసరాగా దాని పాత్రను కాదనలేం. కానీ ఉప్పెన ఎత్తుకు ఒంటి అంతస్తు ఇల్లు, గోడ గట్టిదైనా, చాలదు. డెల్టా దారులు ఎక్కువగా కాలవ కట్టల మీదివి; గాలి ముదిరి చెట్టు కూలితే తీరాన ఉన్న నిజాంపట్నం నుంచి బయటపడే దారే మూసుకుపోవచ్చు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది కాబట్టి, ఇది పాత కథ అనడానికీ వీల్లేదు. ఏళ్లకోసారి పనికొచ్చే భవనానికి అంత డబ్బెందుకన్న మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది: దాన్ని బడిగా, అంగన్‌వాడీగా వాడితే రోజూ జనం కళ్లు దాని మీద ఉంటాయి, బీట పడితే తెలుస్తుంది. వాడుక ఒక్కటే చాలదు. పెచ్చులూడే శ్లాబు కింద పిల్లల్ని కూర్చోబెట్టడం మరో ప్రమాదం. అందుకే ప్రతి షెల్టరుకూ తుఫాను రుతువుకు ముందే ఇంజినీరు తనిఖీ, బడ్జెట్లో విడి పద్దు, పనికిరాదన్నదాన్ని మూసేసి బదులు చూపించే బాధ్యత ఉండాలి. ఎన్ని కట్టామన్నది కాకుండా, ఈ అక్టోబరులో ఎన్నింటిలో జనాన్ని ధైర్యంగా ఉంచగలమన్నదే సర్కారు ఏటా చెప్పాల్సిన లెక్క.