బైత్‌బాజీ: హర్ఫ్‌తో మొదలై ఆవాజ్‌కు చేరిన ఆట

మన ఇళ్లలో పిల్లలు గుంపుగా కూర్చుని ఆడే పాటల ఆట ఏదంటే ఎవరైనా అంత్యాక్షరి పేరే చెబుతారు. దానికి ఉర్దూలో దగ్గరి చుట్టం ఒకటుంది, బైత్‌బాజీ. ‘బైత్’ అరబీ లఫ్జ్. ఇల్లు అని ఒక మానీ, రెండు మిస్రాల షేర్ అని ఇంకో మానీ. ‘బాజీ’ ఫార్సీ, అంటే ఆట. ఇరాన్‌లో ఇదే ఆటను ‘ముషాయరా’ అంటారు. మనకేమో ముషాయరా అంటే షాయర్ల మహఫిల్.

కాయిదా సులువే. ఒక జట్టు షేర్ చదువుతుంది. అది ఏ హర్ఫ్‌తో ముగిస్తే అవతలి జట్టు ఆ హర్ఫ్‌తో మొదలయ్యే షేర్ అందుకోవాలి. కొందరు తహత్‌లో చదువుతారు, గొంతున్నవాళ్లు తరన్నుమ్‌లో పాడతారు. మా ఉర్దూ మీడియం స్కూల్లో అలిఫ్ నుంచి యే దాకా హర్ఫ్ వారీగా షేర్లు రాసిపెట్టుకున్న కాపీలు ఉండేవి.

అసలు మజా రదీఫ్‌లో ఉంది. రదీఫ్ ‘హై’ అయితే ఆ గజల్లో ఏ షేర్ చదివినా దాదాపు ఎప్పుడూ ఎదుటివాళ్లకు దక్కేది ‘యే’నే. ‘యే’తో షేర్లు నిండుకున్న జట్టు పని ఖతం. డిగ్రీలో తెలుగు చదువుతున్నప్పుడు ఇదే తమాషా పద్యాల్లోనూ కనిపించింది. వేమన మకుటం ఎప్పుడూ ‘మ’నే ఇస్తుంది, సుమతీ శతకం ‘త’ ఇస్తుంది. రదీఫ్, మకుటం వేరు వేరు చీజ్‌లు. పిల్లల ఆటలో మాత్రం రెండూ ఒకే పని చేస్తాయి.

అయితే బైత్‌బాజీ కళ్లతో కూడా ఆడే ఆట. ‘రాజ్’ జేతో ముగుస్తుంది, ‘లిహాజ్’ జోయ్‌తో ముగుస్తుంది. చెవికి రెండూ ఒకటే, కాగితం మీద వేరు. ‘పహాడ్’ చివరి హర్ఫ్‌తో ఉర్దూలో ఏ లఫ్జూ మొదలుకాదు, అందుకని దాని బదులు ‘రే’తో అందుకోమంటారు. చదవడం రానివాడికి ఇవేవీ అర్థం కావు.

రేడియో, సినిమా వచ్చాక ఆట చెవి చేతిలోకి వెళ్లింది. 1952లో రేడియో సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలైంది, 1957లో వివిధ్ భారతి, 1993లో జీ టీవీలో అంత్యాక్షరి. సాహిర్, మజ్రూహ్, షకీల్, కైఫీ లాంటి షాయర్లు సినిమాలకు రాశారు. మన హైదరాబాద్ షాయర్ మఖ్దూమ్ మొహియుద్దీన్ 1969లో వెళ్లిపోయారు. ఆయన గజల్ 1982 నాటి ‘బాజార్’ సినిమాలో పాటై, ఉర్దూ అక్షరం రానివాళ్ల నోటికీ ఎక్కింది. అలా లిపి అందని ఇళ్లలోకి కూడా జబాన్ పాటగా చేరింది.

ఈనాటి మన పిల్లల్లో చాలామంది చదువు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో సాగుతోంది. నాజిరా చదివారు కాబట్టి హర్ఫ్‌లు గుర్తుపడతారు, ఉర్దూ కితాబ్ మాత్రం పట్టరు. హర్ఫ్ కాయిదా ఒక్కటే పట్టుకుంటే వాళ్లు పక్కన కూర్చుని తమాషా చూస్తారు. ఆవాజ్ ఒక్కటే చాలనుకుంటే ‘జే’కీ ‘జోయ్’కీ ఫరక్ చెప్పేవాళ్లు మన తరంతోనే అయిపోతారు.

అందుకే నా సలహా ఇది. ఈద్‌కు అందరూ కలిసినప్పుడు రెండు దౌర్‌లు ఆడించండి. మొదటిది ఆవాజ్ మీద. షేర్, సినిమా పాట, వేమన పద్యం అన్నీ చెల్లుతాయి. రెండోది హర్ఫ్ మీద. నానీమానో దాదాజాన్‌నో మున్సిఫ్‌గా కూర్చోబెట్టి, ప్రతి షేర్ చివరి హర్ఫ్ పలక మీద రాయించండి. చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ ప్రతి జట్టులో కలిసి ఉండాలి.

ఒక్క షర్త్. పాడినవాళ్లను మానీ అడగాలి. తెలియకపోతే నానీమాను అడిగి చెప్పొచ్చు, దానికి మార్కులు కోయకండి.