సేవాఋణము

పల్నాడనగానే మనకు కారెంపూడి రణరంగము స్ఫురించును. బాలచంద్రుని సాహసమును, కన్నమదాసుని స్వామిభక్తిని వీరగాథలలో వినుచు పెరిగినవారము. కాని ఆ వీరులను యుద్ధమునకు కట్టియుంచిన బంధమెట్టిదని విచారించువారరుదు.

పండ్రెండవ శతాబ్దమున మాచెర్ల, గురజాల పక్షములు పోరిన ఆ కథలో వ్రాతపత్రముల ప్రసక్తి కానరాదు. ఏలికయెడ విశ్వాసము, తిన్న యుప్పు, ఇచ్చిన మాట - ఇవియే యోధుని కట్టివేసినవి. పిదప కాకతీయుల కాలమున ఈ బంధము నాయంకరమను రూపము దాల్చెను. రాజు నాయకునకు గ్రామములనిచ్చును. నాయకుడు వాని రాబడితో బలములను పోషించి, పిలుపు వచ్చినప్పుడు కదలిపోవును. విజయనగర రాజ్యమున అమరమను పేర ఈ పద్ధతియే విస్తరిల్లెను. నాయకునకు నేల యుండెను. అతని వెంట నడచిన బంటునకు మాత్రము నాయకుడే దిక్కు.

నేడు పల్నాటి పల్లెనుండి సైన్యాధికారి కాగోరు బాలుని ఋణము కాగితముపై నెక్కినది. 1954లో ఖడక్వాస్లాకు తరలిన జాతీయ రక్షణ అకాడమీలో మూడేండ్ల శిక్షణవ్యయమును ప్రభుత్వమే భరించును. నడుమ తనంత తాను విడిచిపోయినచో ఆ వ్యయమును తిరిగి చెల్లింతుమని ముందే పత్రము వ్రాసియీయవలెను. అమెరికాలోని వెస్ట్ పాయింటున పట్టము పొందినవాడు సామాన్యముగా 5 ఏండ్లు సైన్యమునందును, మరి 3 ఏండ్లు అదనపు దళమునందును సేవ చేయవలెను.

ఇందు మాకు దోషము కానరాదు. హద్దెరిగిన ఋణము మనుష్యుని దాసుని చేయదు. పుట్టుకచే గాక స్వహస్తముతో చేసిన సంతకముచే కట్టుబడుట నాగరికతకు లక్షణము.

అయితే ఋణమునకు రెండు కొసలున్నవి. శిక్షణలోనే అంగవైకల్యము నొంది యిల్లు చేరిన యువకులకు, అధికారులుగా నియుక్తులు కాకమున్నే గాయపడిరను కారణమున, మాజీసైనికుల హోదా దక్కలేదు. వారికి లభించినది పరిమితమగు భృతి మాత్రమే. 2025లో భారత సర్వోన్నత న్యాయస్థానము వీరి దురవస్థను తనంత తానుగా విచారణకు గైకొనెను. విడిచిపోవువాడు చెల్లింపవలసిన సొమ్మును ముందే లెక్కగట్టిన ప్రభుత్వము, విరిగిపడినవానికి తాను చెల్లింపవలసినదానిని అంత శ్రద్ధతో లెక్కగట్టకపోవుట న్యాయమా?

కారెంపూడి వీరులగుడియొద్ద ఏటేట కార్తికమాసమున జనులు కూడి, పడినవారిని తలచుకొందురు. వారితో ఏ పత్రమును ఎవరును వ్రాయించుకొనలేదు. పత్రము వ్రాయించుకొనుట నేర్చిన మనము, పడినవానిని మరువరాదను ఈ పల్లె ధర్మమును గూడ ఆ పత్రమున చేర్చిననాడే మన లెక్క సరియగును.