దక్కన్ రేడియో: స్వరము ఒకరిది, వినవలసిన చెవులు వేరొకరివి

పరిచయం

ఆబిడ్స్‌లోని చిరాగ్ అలీ లేన్ నేడు దుకాణములతో, జనముతో కిక్కిరిసిన వీధి. హైదరాబాదు సంస్థానపు మొదటి రేడియో కేంద్రం ఈ సందులోనే ఆరంభమైనదని ఎరిగినవారు అరుదు. అయితే దక్కన్ రేడియో అని పేరుపొందిన ఆ కేంద్రపు చరిత్ర, ప్రజలతో మాట్లాడుట పనిగా గల మనకు ఒక ముఖ్యమైన ప్రశ్న వేయుచున్నది. మాట్లాడువాడు ఎవరి భాషలో మాట్లాడవలెను?

ఒక వ్యక్తి చొరవ

1930ల తొలి సంవత్సరాలలో మహబూబ్ అలీ ఈ కేంద్రమును స్థాపించెను. దాని ప్రసార శక్తి 200 వాట్లు మాత్రమే, అనగా నూరు వాట్ల బల్బులు రెండు వెలుగుటకు సరిపడునంత. గనుక అది ప్రధానంగా నగరపు రేడియో. 1935 ఫిబ్రవరి 3 నాటికి అది నిజాం ప్రభుత్వపు రేడియోగా ప్రసారాలు సాగించుచుండెను. అదే సంవత్సరం మైసూరులో ఆచార్య ఎం. వి. గోపాలస్వామి తన ఇంటనే ఒక చిన్న కేంద్రమును ఆరంభించి, దానికి ‘ఆకాశవాణి’ అని పేరు పెట్టెను. 1942లో అదియు సంస్థాన ప్రభుత్వపు చేతిలోనికి వెళ్లెను. రెండు చోట్లను వ్యక్తుల చొరవ ముందు నడువగా, ప్రభుత్వం వెనుక వచ్చెను.

ప్రభుత్వ స్వరం

రేడియో ప్రభుత్వపు చేతిలోనికి రాగానే దానితోపాటు ప్రభుత్వ భాషయు వచ్చినది. సంస్థాన ప్రజలలో సుమారు సగంమంది తెలుగువారు, మరి పావువంతు మరాఠీవారు. అయినను రాజభాషయైన ఉర్దూకే దక్కన్ రేడియోలో ప్రాధాన్యం లభించెను. తెలుగు, మరాఠీ, కన్నడ కార్యక్రమాలకు దక్కిన చోటు స్వల్పం. రేడియో పెట్టె ధనికుల యింటి వస్తువైన ఆ దినములలో పల్లెలోని తెలుగు రైతుకు ఆ స్వరం రెండు విధాల దూరమైనది: పెట్టె లేదు, పెట్టె దొరికినను భాష తనది కాదు. అదే కాలంలో 1938 జూన్ 16న ఆరంభమైన మద్రాసు కేంద్రం తెలుగులోను ప్రసారాలు చేసినది.

1948లో రజాకార్ల ప్రచారమునకు దక్కన్ రేడియో సాధనమాయెను. ఆ సంవత్సరం సెప్టెంబరు 17న నిజాం అదే రేడియోలో మాట్లాడి, తన సైన్యం పోరాటం విరమించినదని ప్రకటించెను. ఆ మాటతో ఒక రాజ్యపు కథ ముగిసెను. 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం ఈ కేంద్రమును స్వాధీనపరచుకొనగా, అది ఆలిండియా రేడియోలో భాగమైనది. నేటి ఆకాశవాణి భవనం సైఫాబాదులో, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు సమీపముననే యున్నది.

ముగింపు

దక్కన్ రేడియోను కేవలం నిందించుట న్యాయం కాదు. అంత చిన్న యంత్రంతో ఒక నగరమునకు సంగీతమును, వార్తలను వినిపించుట సామాన్యమైన పని కాదు. అయితే ప్రసార శక్తి పెరిగినంత మాత్రమున వినువారి హృదయమునకు చేరువ కాలేమని దాని చరిత్ర చూపుచున్నది. మైకులు, కెమెరాలు సమకూర్చుకొనుచున్న మన సంఘాలు ముందుగా ఒక లెక్క చూచుకొనుట మంచిది: మన ఊరిలో ఎవరు ఏ భాష, ఏ యాస మాట్లాడుచున్నారు? వారిలో ఎందరికి మన ప్రసంగం తమ ఇంటి మాటగా వినబడుచున్నది?